ఘాట్ ఎక్కే బండికి ఎన్ని గుర్రాలు కావాలి?

ఒడిశాలోని రాయగడ నుంచి బండి మీద బయలుదేరితే రెండు రకాల దారులు ఉంటాయి. నాగావళి వెంట కూనేరు, కొమరాడ మీదుగా పార్వతీపురం దిగే దారి ఒకటి. లక్ష్మీపూర్ మీదుగా కొరాపుట్ ఎక్కే దారి మరొకటి. మొదటి దారిలో ఏ బండైనా మంచి బండే. రెండో దారిలో, అదీ వెనక మనిషి, ముందు సంచి ఉన్నప్పుడు, ఇంజన్ అసలు బలం ఎంతో తేలిపోతుంది.

మందుల షాపులకు సరుకు వేసే పని మీద ఇరవై ఏళ్లుగా ఈ జిల్లాలో తిరుగుతున్నాను. మునిగుడ, బిస్సంకటక్, గుణుపురం, కాశీపూర్, అన్నీ బండి మీదే. పదకొండేళ్లు 100 సీసీ నడిపాను. తర్వాత 150కి మారాను. మధ్యలో మా తమ్ముడి 350 సీసీ బండి ఏడాదిపాటు నా దగ్గరే ఉంది. అందుకే చుట్టాల్లో ఎవరు బండి కొనాలనుకున్నా ముందు నాకు ఫోన్ చేస్తారు. ఈసారి ఫోన్ చేసినవాడు గుణుపురంలో ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనల్లుడు. "మావయ్యా, కేటీఎం 390 తీసుకుందామనుకుంటున్నాను. అమ్మను నువ్వే ఒప్పించాలి" అన్నాడు. వాడికి చెప్పినదే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. మన రోడ్ల మీద 8 హార్స్ పవర్‌కూ 14కూ మధ్య తేడా చాలా పెద్దది. 14కూ 40కీ మధ్య తేడా చాలా చిన్నది. షోరూంలో ఈ మాట ఎవరూ చెప్పరు, ఎందుకంటే కాగితం మీద చూస్తే ఆరు కంటే ఇరవై ఆరే పెద్ద అంకె.

సుంకి మలుపు దగ్గర

పెళ్లయిన కొత్తలో సాలూరు అత్తవారింటి నుంచి జయపురంలో ఉన్న మా అన్నయ్య ఇంటికి బయలుదేరాం. వానాకాలం. నాది 100 సీసీ బండి. వెనక మా ఆవిడ పక్కకు తిరిగి కూర్చుంది, ఒడిలో ఆవకాయ జాడీ. ట్యాంకు మీద పనసకాయ ఉన్న సంచి. సాలూరు దాటి సుంకి ఘాట్ మొదలయ్యాక ఒక లారీ వెనక పడ్డాం. అది ఫస్ట్ గేరులో మూలుగుతూ ఎక్కుతోంది, పొగంతా మా మొహాల మీదకే వస్తోంది. ఒక మలుపు తిరిగాక ఎదురుగా వంద మీటర్లు ఖాళీ కనిపించింది. థర్డ్ గేరులో ఉన్నాను, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పాను. చప్పుడు పెరిగింది కానీ బండి పెరగలేదు. సెకండ్‌లోకి దించాను. లారీ వెనక టైరు దగ్గర నుంచి డ్రైవరు తలుపు దాకా చేరేసరికి ఆ వంద మీటర్లూ అయిపోయాయి. పై మలుపులో బస్సు హారను వినిపించింది. యాక్సిలరేటర్ వదిలి, బ్రేకు నొక్కి, మళ్లీ లారీ వెనక్కే వచ్చాను. మా ఆవిడ ఒక్క మాట అనలేదు. నా భుజం మీద ఆమె గోళ్లు దిగిన గుర్తులు మాత్రం జయపురం చేరేదాకా అలాగే ఉన్నాయి.

ఆ రోజు నా బండి ఎక్కడా ఆగిపోలేదు, పొట్టంగి మీదుగా కొరాపుట్ చేరింది. చిన్న బండి కొండ ఎక్కదన్న మాట నిజం కాదు, గేరు దించితే ఎక్కుతుంది. దాని దగ్గర ఉండనిది మిగులు. సంసారంలో ఖర్చులకు పోగా నాలుగు రూపాయలు మిగలాలని చూస్తామే, ఇంజన్‌లోనూ అంతే. ఎక్కడానికి అయ్యే బలం పోగా ఇంకెంత చేతిలో ఉందన్నదే దాటేటప్పుడు పనికొస్తుంది.

లెక్క వేసి చూద్దాం

బండి ముందుకు పోవాలంటే మూడింటిని ఎదుర్కోవాలి: గాలి, టైరు రాపిడి, ఎత్తు. చదును రోడ్డు మీద గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోవడానికి వెనక చక్రం దగ్గర దాదాపు మూడు హార్స్ పవర్ చాలు. 80కి ఆరున్నర, ఏడు కావాలి. 100కి పన్నెండు. వేగం కొంచెం పెరిగితే కావలసిన బలం ఇంతగా పెరగడానికి కారణం గాలి. వేగం రెట్టింపైతే గాలిని చీల్చడానికి కావలసిన శక్తి ఎనిమిది రెట్లవుతుంది.

ఇప్పుడు కొండకు వద్దాం. ఘాట్ రోడ్లు వేసే ఇంజనీర్లు సాధారణంగా ఏటవాలును 5 నుంచి 7 శాతం లోపు ఉంచాలని చూస్తారు. అంటే వంద మీటర్లు పోతే ఐదు నుంచి ఏడు మీటర్లు పైకి. ఊళ్లలోకి పోయే చిన్న రోడ్లు అంతకంటే నిటారుగా ఉండడం మనకు అలవాటే. మధ్యలో 6 శాతం తీసుకుందాం. ఇద్దరు మనుషులు, పాతిక కిలోల సామాను, 100 సీసీ బండి, అంతా కలిపి 280 కిలోలు. 40 వేగంతో ఎక్కడానికి చక్రం దగ్గర నాలుగు హార్స్ పవర్ లోపే సరిపోతుంది.

మరి 8 హార్స్ పవర్ బండికి ఇబ్బంది ఎందుకు? ఆ 8 అన్ని వేళలా ఉండదు కాబట్టి. స్ప్లెండర్ ప్లస్ తీసుకోండి, 97.2 సీసీ. దాని 8.02 పీఎస్ (పీఎస్ అంటే దాదాపు హార్స్ పవరే) వచ్చేది ఇంజన్ నిమిషానికి 8,000 చుట్లు తిరిగినప్పుడు. ఆ చప్పుడు భరిస్తూ ఎవరూ ఘాట్ ఎక్కరు. థర్డ్ గేరులో 40 వేగం దగ్గర ఇంజన్ ఇచ్చేది ఐదు, ఐదున్నర. గేర్లలో, చైన్‌లో ఎనిమిదో వంతు దాకా పోతుంది. కొరాపుట్ సముద్ర మట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తులో ఉంది. పైన గాలి పలచబడుతుంది కనుక అక్కడ ఏ ఇంజనైనా ఎనిమిది శాతం దాకా బలం తగ్గి పనిచేస్తుంది. ఇవన్నీ పోగా థర్డ్ గేరులో మిగిలేది ఒక హార్స్ పవర్ లోపే. దానితోనే లారీని దాటాలి.

అందుకే కొనేటప్పుడు మొదట చూడాల్సిన అంకె గరిష్ఠ శక్తి కాదు, టార్క్. చక్రాన్ని తిప్పే ఆ బిగువు ఎన్ని చుట్ల దగ్గర వస్తుందో చూడాలి. మన వాళ్లు 'పికప్' అన్నా, 'బండి లాగుతోంది' అన్నా దీని గురించే. బ్రోచర్‌లో రెండు అంకెలు ఉంటాయి, ఉదాహరణకు 13.25 ఎన్ఎం, 6,500 ఆర్‌పీఎం అని. ఎన్ఎం టార్క్ కొలత, ఆర్‌పీఎం అంటే నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు. ఆ రెండూ గుణించి 7,000తో భాగిస్తే ఆ వేగం దగ్గర వచ్చే హార్స్ పవర్ సుమారుగా తెలుస్తుంది. ఫోన్‌లోని కాలిక్యులేటర్ చాలు. ఒక హెచ్చరిక: ఒక బ్రోచర్‌లో పీఎస్, మరోదానిలో బీహెచ్‌పీ, ఇంకోదానిలో కిలోవాట్లు ఉంటాయి. మొదటి రెండూ దాదాపు సమానం. కిలోవాట్లను మాత్రం 1.36తో గుణించాకే పోల్చాలి.

అదే 6 శాతం ఏటవాలు మీద, అదే ఇద్దరితో, అదే సామానుతో, 40 నుంచి 55కి వేగం పెంచి లారీని దాటడానికి ఎంత సమయం పడుతుందో బండి బండికీ లెక్క వేశాను. ఉజ్జాయింపు లెక్కే అయినా నా అనుభవానికి చాలా దగ్గరగా ఉంది. 100 సీసీకి 15 సెకన్లు. హోండా షైన్ లాంటి 125కి, అంటే దాదాపు 11 పీఎస్ బండికి, 7 సెకన్లు. పల్సర్ 150కి, 14 పీఎస్, 3 సెకన్ల పైన. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350కి రెండున్నర. 46 పీఎస్ ఉన్న కేటీఎం 390 డ్యూక్‌కి ఒకటిన్నర.

ఈ వరుస మరోసారి చదవండి. 100 నుంచి 150కి మారితే పన్నెండు సెకన్లు మిగిలాయి. ఆ వేగంలో పన్నెండు సెకన్లంటే నూట యాభై మీటర్ల పైమాటే. ఘాట్‌లో అంత నేరు రోడ్డు ఎక్కడుంది? ఎదుటి బస్సుకూ మనకూ మధ్య ఉండేది ఆ దూరమే. అదే 150 నుంచి 390కి మారితే మిగిలేది రెండు సెకన్ల లోపు. దానికి పెట్టే డబ్బు మాత్రం రెట్టింపు కంటే తక్కువేమీ కాదు.

పాతవాళ్లు ఆర్ఎక్స్ 100ను ఎందుకు మరిచిపోలేరో కూడా ఈ లెక్కలోనే దొరుకుతుంది. 1985 నుంచి 1996 దాకా వచ్చిన ఆ బండిది 98 సీసీయే. కానీ టూ స్ట్రోక్ కనుక 11 హార్స్ పవర్ ఇచ్చేది, బరువు వంద కిలోల పైచిలుకు మాత్రమే. ఈనాటి 125 బలం, అంతకంటే తక్కువ బరువు. మా నాన్నగారి స్నేహితుడొకరు పర్లాకిమిడి నుంచి గుణుపురానికి దాని మీదే వచ్చేవారు. ఆ చప్పుడు వీధి చివర ఉండగానే మేం గుర్తుపట్టేవాళ్లం.

ఎవరికి ఏది

ఊళ్లో తిరగడం, సంతకు పోవడం, బడికి పిల్లలను దించడం, పార్వతీపురం దాకా వెళ్లిరావడం, ఇంతే అయితే 100 సీసీ చాలు. ఎక్కువ డబ్బు పెట్టకండి. 112 కిలోల బండిని ఇంటి ముందు ఎవరైనా తిప్పుకోగలరు, లీటరుకు 60 ఇస్తుంది, ఏ ఊళ్లోనైనా బాగుచేసేవాడు దొరుకుతాడు. ఒక్కరే ఘాట్ ఎక్కేవాళ్లకు కూడా దీనితో ఇబ్బంది లేదు. ఒక మనిషి తగ్గితే డెబ్భై కిలోలు తగ్గుతాయి, ఇంజన్‌కు అది పెద్ద ఊరట.

వారానికి రెండు మూడుసార్లు కొండ ఎక్కేవాళ్లు, ఎక్కువగా డబుల్స్ వెళ్లేవాళ్లు 125 నుంచి మొదలుపెట్టాలి. లక్ష్మీపూర్, కాశీపూర్, మోహన వైపు ఉద్యోగం చేస్తూ రోజూ వెళ్లొచ్చే ఉపాధ్యాయులు, నర్సులు చాలామంది ఉన్నారు. వాళ్లందరికీ నేను చెప్పేది ఇదే. బరువు 100 సీసీ బండి అంతే, మైలేజీ కొద్దిగా తక్కువ, మిగులు మాత్రం రెట్టింపు. పైగా ఐదో గేరు ఉంటుంది. గేర్లు దగ్గర దగ్గరగా ఉంటే మలుపు తిరిగాక సరైన గేరు దొరుకుతుంది. నాలుగు గేర్ల బండిలో సెకండ్‌లో అరుపు, థర్డ్‌లో ఈడ్పు, మధ్యలో ఏదీ ఉండదు.

ఇద్దరూ సామానుతో దూర ప్రయాణాలు చేసేవాళ్లకు 150, 160. నా దృష్టిలో ఈ ప్రాంతానికి అచ్చంగా కుదిరే బండి ఇదే. బరంపురం నుంచి ఇచ్ఛాపురం మీదుగా శ్రీకాకుళం వైపు 16వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్లినవాళ్లకు ఎదురుగాలి సంగతి తెలుసు. 80 వేగంలో 20 కిలోమీటర్ల ఎదురుగాలి తగిలితే బండికి అది 100 వేగంలో పోయినట్టే ఉంటుంది, చక్రం దగ్గర పది హార్స్ పవర్ దాకా అడుగుతుంది. 100 సీసీ అక్కడ 65, 70 దగ్గరే నిలిచిపోతుంది. 125 ఒడ్డున పడుతుంది. 14 పీఎస్ బండి మాత్రం ఇంకా మిగులుతో పోతుంది. మోటారు సైకిళ్లకు నాలుగు వరుసల రహదారి మీద కేంద్రం పెట్టిన హద్దు 80, మామూలు రోడ్ల మీద 60. ఆ హద్దు లోపల మీకు ఎప్పుడైనా కావలసింది ఇంత బలమే.

ఈ తరగతిలోనే రెండు స్వభావాల బండ్లున్నాయి, జాగ్రత్తగా చూడండి. యూనికార్న్‌కు 13 పీఎస్సే, కానీ దాని 14.58 ఎన్ఎం టార్క్ 5,250 చుట్లకే వస్తుంది. అపాచీ 160 4వీకి 17.55 పీఎస్, టార్క్ దాదాపు అంతే, కానీ అది వచ్చేది 7,250 దగ్గర. కాగితం మీద రెండోది గొప్పగా కనిపిస్తుంది, ఇంజన్‌ను అరిపిస్తూ నడిపే కుర్రాళ్లకు అది నిజంగానే గొప్పది. వెనక పెద్దవాళ్లను ఎక్కించుకుని తీరుబడిగా ఎక్కేవాళ్లకు మొదటిదే సుఖం, గేరు మార్చే పని సగం తగ్గుతుంది.

350 సంగతి వేరు. తమ్ముడి బండి మీద లక్ష్మీపూర్ ఎక్కినప్పుడు చాలా చోట్ల ఫోర్త్ గేరు నుంచి దించే పనే పడలేదు. 27 ఎన్ఎం టార్క్ 4,000 చుట్లకే వస్తుంది, అంటే ఇంజన్ నింపాదిగా కొట్టుకుంటూనే పదిహేను హార్స్ పవర్ ఇస్తోందన్నమాట. ఆ సుఖాన్ని నేను తక్కువ చేయను. కానీ అది 195 కిలోల బండి. కాశీపూర్ దగ్గర ఒక ఊళ్లో ఎర్రమట్టి బురదలో స్టాండు దిగబడి పక్కకు ఒరిగితే నేనొక్కణ్ణీ లేపలేకపోయాను. ఇద్దరు ముసలివాళ్లు వచ్చి చేయి వేశారు. మట్టి దారులు మీ దినచర్యలో ఉంటే దాని జోలికి పోకండి. రహదారి మీదే ప్రయాణం, మనిషి బలంగా ఉన్నాడు, డబ్బుకు ఇబ్బంది లేదు అంటే నిశ్చింతగా కొనుక్కోండి.

స్కూటర్ల మాట కూడా అడుగుతుంటారు. 110 సీసీ స్కూటర్ బలం 100 సీసీ బండి అంతే. ఊళ్లోకి హాయి. ఘాట్ దిగేటప్పుడు మాత్రం గేరు ఎంచుకుని ఇంజన్‌తో బండిని పట్టి ఉంచే వీలు లేదు, బ్రేకుల మీదే భారం పడుతుంది. రోజూ ఘాట్ దిగేవాళ్లకు నేను వద్దనే చెబుతాను.

ఖర్చు ఎక్కడ పెరుగుతుంది

ఏడాదికి పన్నెండు వేల కిలోమీటర్లు తిరిగే మనిషిని లెక్కలోకి తీసుకుందాం. నా చేతిలో 100 సీసీ లీటరుకు 60, 150 సీసీ 45, తమ్ముడి 350 సీసీ 33 ఇచ్చాయి. లీటరు వంద రూపాయల చొప్పున వేసుకుంటే 100 నుంచి 150కి మారినందుకు ఏడాదికి ఆరేడు వేలు అదనం. 150 నుంచి 350కి మారితే మరో పది వేలు. మొదటి ఖర్చు నాకు న్యాయంగా తోస్తుంది. రెండోది మీ ఇష్టం.

థర్డ్ పార్టీ బీమా సీసీని బట్టి మారుతుంది. కొత్త బండికి ఐదేళ్లది ఒకేసారి కట్టాలి. 2022 జూన్ 1న అమల్లోకి వచ్చిన పట్టిక ప్రకారం 75 నుంచి 150 సీసీ దాకా 3,851 రూపాయలు, 150 దాటి 350 దాకా 7,365, ఆ పైన 15,117. 149 సీసీకీ 160 సీసీకీ ఇంత తేడా ఉందని కొనేరోజు దాకా చాలామందికి తెలియదు. ఐదేళ్లకు మూడున్నర వేలే కదా, దానికోసం నచ్చిన బండిని వదులుకోనక్కర్లేదు, ముందుగా తెలిసి ఉంటే చాలు. పన్ను తేడా మాత్రం పెద్దది. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాకా ఉన్న బండ్లకు జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, 350 దాటినవాటికి 40 శాతం అయింది. మా వాడు అడిగిన బండి 399 సీసీ.

సరిహద్దులో ఉన్నవాళ్లకు ఇంకో మాట. పార్వతీపురంలోనో సాలూరులోనో షోరూం దగ్గరని అక్కడే కొని, ఆంధ్ర నంబరు వేయించుకుని ఇక్కడ నడుపుదామనుకుంటారు. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం పన్నెండు నెలలకు మించి వేరే రాష్ట్రంలో ఉంచితే అక్కడి నంబరు మళ్లీ తీసుకోవాలి. ఏ రాష్ట్రంలో ఎక్కువ తిరుగుతారో ఆ నంబరు మొదటే వేయించుకోండి.

ఆపే బలం

ఎంత బలంతో పోతామో తేల్చుకున్నాక ఎంత బలంతో ఆగుతామో అడగాలి. 60 నుంచి 80కి వేగం మూడో వంతే పెరుగుతుంది. బ్రేకు నొక్కాక ఆగే దూరం మాత్రం దాదాపు ఎనభై శాతం పెరుగుతుంది. 2019 ఏప్రిల్ 1 నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్, అంటే బ్రేకు గట్టిగా నొక్కినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, తప్పనిసరి. 125, అంతకు తక్కువ వాటికి రెండు బ్రేకులూ కలిసి పట్టే సీబీఎస్ చాలన్నారు. కొన్ని 125 బండ్లకు ఏబీఎస్ కూడా ఇస్తున్నారు, దొరికితే వదలకండి. వాన పడి, రాలిన ఆకులు రోడ్డుకు అతుక్కుని, మలుపులో ఎర్రమట్టి నీళ్లు పారుతున్నప్పుడు ముందు చక్రం బిగుసుకుపోతే ఏమవుతుందో ఈ జిల్లాలో బండి నడిపేవాళ్లకు చెప్పనక్కర్లేదు. నేను 150కి మారడానికి సగం కారణం ఇదే.

మన దగ్గర 8 హార్స్ పవర్‌కూ 80కీ ఒకటే లైసెన్సు. యూరప్‌లో అలా కాదు. కొత్తగా నేర్చుకున్న కుర్రాళ్లకు 125 సీసీ, 11 కిలోవాట్ల హద్దు, అంటే 15 పీఎస్. ఆ పై మెట్టులో 35 కిలోవాట్లు. 390 బండ్లు ఆ రెండో మెట్టు అంచున ఉంటాయి. వాళ్లు మొదటి మెట్టు దగ్గర గీత గీసింది మనం ఇక్కడ చాలనుకుంటున్న అంకె దగ్గరే. మా మేనల్లుడికి పందొమ్మిదేళ్లు, ఇప్పటిదాకా నడిపింది వాళ్ల నాన్న 100 సీసీయే.

వాడితో వాదించలేదు. "కొనేముందు అమ్మను వెనక కూర్చోబెట్టుకుని కొండ దారి మీద నాలుగు కిలోమీటర్లు నడిపి చూడు, ఏ బండైనా సరే" అన్నాను. షోరూం ముందు చదును రోడ్డు మీద ఒక్కడే చేసే టెస్ట్ రైడ్‌లో ఏ బండైనా ఎగురుతుంది. తెలిసినవాళ్ల దగ్గర ఒక 390, ఒక 160 అడిగి తెచ్చాం. ఆదివారం పొద్దున అక్కను ఎక్కించుకుని రెండింటి మీదా ఎక్కాడు, నేను వెనకే నా బండి మీద వెళ్లాను. 390 వెనక సీటు ఎత్తుగా, చిన్నగా ఉంది. అక్క చీర సర్దుకోలేక, పట్టుకోవడానికి ఏమీ దొరక్క వాడి చొక్కా గుప్పిట పట్టుకుని కూర్చుంది. రెండో మలుపు దగ్గరే దిగిపోయింది. 160 మీద పైదాకా వచ్చింది, దారిలో చెట్ల గురించి మాట్లాడుతూ.

దిగి వచ్చాక వాడు బండిని కాసేపు చుట్టూ తిరిగి చూశాడు. "మావయ్యా, దీనికి శారీ గార్డు పెద్దది వేయిస్తారా?" అని అడిగాడు. వేస్తారని చెప్పాను.